అప్‌డేట్: డాలస్‌లో ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్ – వంట, ట్యాక్స్

ఆఫీసు పని మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నెలకు పైగా ఉండాలి, చవక ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్‌లో (వారాలు, నెలల తరబడి ఉండేవాళ్ల కోసం నడిపే హోటల్) వంట కుదురుతుందా అని అడిగాను కదా. హాయిగా కుదురుతోంది. రూమ్‌లోనే ఎలక్ట్రిక్ పొయ్యి, పెద్ద ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. గిన్నెలు మాత్రం ఫ్రంట్ డెస్క్‌లో అడిగి తెచ్చుకోవాలి. పోపు పెట్టే ముందు ఫ్యాన్ వేయండి, స్మోక్ అలారంతో టెన్షన్ ఉండదు. క్లీనింగ్ వారానికి ఒకసారే.

అసలు లాభం ట్యాక్స్‌లో ఉంది. టెక్సస్‌లో వరుసగా 30 రోజులు లేదా అంతకు మించి ఉంటామని హోటల్‌కు ముందే రాసిస్తే మొదటి రోజు నుంచే 6 శాతం స్టేట్ హోటల్ ట్యాక్స్ పడదు. రాసివ్వకపోతే తొలి 30 రోజులకు కట్టాల్సిందే. మధ్యలో ఖాళీ చేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చెక్-ఇన్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. మీలో ఒకరు చెప్పబట్టే అడిగి రాసిచ్చాను. వారికి చాలా థ్యాంక్స్ అండీ.