కొనేవాళ్లు నిజంగా లెక్క వేసుకునే కొంటారా?

మాధవి:
చేతిలో ఉన్న డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చేదే మనిషి ఎంచుకుంటాడని ఎకనామిక్స్ పాఠం. నాకు నమ్మబుద్ధి కాదు. కానెమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు 1990లో అచ్చువేసిన ప్రయోగంలో కొందరికి కప్పులిచ్చి, అమ్ముతారా అని అడిగారు. వాళ్లు చెప్పిన ధర, కప్పు లేనివాళ్లు పెడతామన్న ధరకు రెట్టింపు పైనే. అప్పుడే చేతికొచ్చిన కప్పుకి అంత విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది?

సుధాకర్:
మాధవి గారూ, మనసులో ఏం జరుగుతుందో చెప్పడం ఆ సిద్ధాంతం పని కాదు. అంచనాలు నిజమైతే చాలని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లోనే వాదించాడు. మరో ఆర్థికవేత్త గారీ బెకర్ 1962లో ఇంకా ముందుకెళ్లాడు: జనం ఆలోచించకుండా ఏది పడితే అది కొన్నా, ధర పెరిగితే మొత్తం మీద కొనుగోళ్లు తగ్గుతాయి, జేబుకి హద్దుంది కాబట్టి. పైగా అనుభవమున్న వ్యాపారుల్లో మీ కప్పు మమకారం బాగా తగ్గుతుందని ఆర్థికవేత్త జాన్ లిస్ట్ 2003లో చూపించాడు.

మాధవి:
లిస్ట్ చూసింది తరచూ కొని అమ్మేవాళ్లని. ఇంటి లోను, ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటివి జీవితంలో ఎన్నిసార్లు ఎంచుకుంటాం? అనుభవం వచ్చేలోగా నష్టం జరిగిపోతుంది. ఇక బెకర్ మాట మీకే అడ్డం. ఆలోచన లేకపోయినా డిమాండ్ అలాగే తగ్గితే, ఆ తగ్గుదలని చూసి జనం లెక్క వేశారని ఎలా అంటాం?

నరేష్:
ఇద్దరూ ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్‌ని వదిలేశారు. సమయం, సమాచారం, లెక్కించే శక్తి అన్నీ కొంచెమే, అందుకే మనిషి 'ఇది చాలు' అనిపించిన చోట వెతకడం ఆపేస్తాడని 1955లోనే చెప్పాడు. అది తెలివితక్కువతనం కాదు.

సుధాకర్:
వెతికే శ్రమని కూడా ఖర్చులో వేయండి నరేష్ గారూ, అదీ మా లెక్కలోకే వస్తుంది.

మాధవి:
ప్రతిదాన్నీ అలా ఖర్చులో వేసుకుంటూ పోతే మీ సిద్ధాంతం తప్పని తేల్చే ప్రవర్తన ఒక్కటీ మిగలదు. మాడ్రియన్, షే అనే పరిశోధకులు 2001లో ఒక అమెరికన్ కంపెనీ పెన్షన్ పొదుపు గురించి రాశారు. ఉద్యోగులు తామే చేరాల్సి ఉన్నప్పుడు చేరింది 49 శాతం. కంపెనీయే చేర్చి, వద్దంటే చెప్పమన్నాక 86 శాతం. అప్పుడు కూడా చాలామంది జీతంలో కంపెనీ పెట్టిన 3 శాతం పొదుపు దగ్గరే ఉండిపోయారు. ముసలితనానికి దాచుకునే డబ్బు కన్నా ఒక ఫారం నింపే శ్రమే వాళ్లకి ఎక్కువైందంటారా సుధాకర్ గారూ?