హైదరాబాద్ నగరరూపానికి ఇరుసు ఏది: చార్మినారా, మూసీనా?

మూసీగట్టు:
చార్మినార్ చుట్టూ నాలుగు బజార్లు గీసి "ఇదీ హైదరాబాద్ ప్లాను" అనడం ఆర్కిటెక్చర్ క్లాసుల్లో అలవాటైపోయింది. 1591 నాటికి నిజమే. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత మాత్రం కాదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చాక ఊరు నది వైపు మొహం పెట్టింది. దక్షిణ గట్టున హైకోర్టు, సిటీ కాలేజీ. ఎదుటి గట్టున ఉస్మానియా ఆసుపత్రి. మూడింటికీ ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలే. న్యాయం, చదువు, వైద్యం అన్నీ నీటి ఒడ్డుకే చేరాయి.

చార్‌కమాన్:
అన్నా, బిల్డింగులు నది దిక్కు చూస్తే నది ఇరుసైతదా? రాతి బజారు పత్థర్‌గట్టి కట్టింది కూడా ఆ బోర్డే. యాడ కట్టింది? చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ నుంచి మూసీకి పోయే పాత తొవ్వ మీద. కొత్త సెంటర్ కావాలనుకున్నోళ్లు పాత బజారుకు అంత రాయి ఎందుకు పెడ్తరు? ఊర్ల ప్లానింగ్ మీద రాసిన అమెరికా ఆయన కెవిన్ లించ్, ఊరు మనసుల ఎట్ల గుర్తుంటదో 1960ల చెప్పిన అయిదింట్ల (దారి, అంచు, పేట, కూడలి, గుర్తు) చార్మినార్ కూడలీ అయితది, గుర్తూ అయితది. మూసీ ఉత్త అంచు.

మూసీగట్టు:
అంచు విడదీసే గోడే కానక్కర్లేదు, రెండు వైపులనూ కలిపే కుట్టూ కావచ్చని ఆ లించే అన్నాడు. పైగా పురానాపూల్ 1578ది, చార్మినార్ కంటే ముందుది. గోల్కొండ జనం, సరుకు అక్కడ నది దాటాకే అవతల కొత్త ఊరికి చోటు కుదిరింది. మీ కూడలి నుంచి పడమటి దారి లాడ్‌బజార్ దాటి పోయేది ఆ వంతెన వైపుకే. వంతెన లేకుండా చార్మినార్ అక్కడ ఎందుకుంటుంది?

రింగురోడ్డు:
ఇద్దరూ నిజాం కాలంలోనే ఆగిపోయారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక నడిబొడ్డు అనే మాటకే పనిలేదు. గచ్చిబౌలిలో ఉద్యోగం, శంషాబాద్‌లో విమానం. మా ఆఫీసులో సగం మంది మూసీ ఎటుందో చెప్పలేరు.

చార్‌కమాన్:
రింగు దేని సుట్టు తిరుగుతుంది సార్?

మూసీగట్టు:
ఔటర్ బండ్లను తిప్పుతుంది, అంతే. దాని మీంచి ఊరు కనబడదు. నయాపూల్ మీద నిలబడండి, కోర్టు గుమ్మటాలు, ఆసుపత్రి గుమ్మటాలు ఒకే చూపులో పడతాయి. (ముక్కు మూసుకోవాలి, అది వేరే సంగతి.)

చార్‌కమాన్:
గోషామహల్ల ఉస్మానియా కొత్త దవాఖానకు 2025 జనవరిల శంకుస్థాపన అయింది. పేషెంట్లు, వాళ్లెంబడి వచ్చేటోళ్లు అటు పోతే ఉత్తరం గట్టున నీకు మిగిలేది గుమ్మటాలే అన్నా. పత్థర్‌గట్టిల రంజాన్ రాత్రి కాలు పెట్ట జాగుండది, ఒకసారి వచ్చి చూడు.