కాంపొనీ అంచు కనబడితే అక్రమ సంతానమేనా?

రాతిముద్ర:
యూరప్ వంశచిహ్నాల్లో డాలు చుట్టూ వేసే అంచుని బోర్డ్యూర్ అంటారు. అది ఒకే వరసలో రెండు రంగుల ముక్కలుగా మారుతూ వస్తే కాంపొనీ, రెండు వరసలైతే కౌంటర్ కాంపొనీ. కాంపొనీ కనబడగానే "పెళ్లి కాకుండా పుట్టినవాళ్ల వంశం" అని తేల్చేసేవాళ్లు చాలామంది. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. మీరేమంటారు?

నీలికలువ:
అన్యాయం ఏముందండీ? ఇంగ్లండ్‌లో బ్యూఫోర్ట్‌లని చూడండి. మూడో ఎడ్వర్డ్ రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్‌కీ, కేథరిన్ స్విన్‌ఫర్డ్‌కీ పుట్టిన పిల్లలు, అందరూ పెళ్లికి ముందే పుట్టారు. వాళ్ల డాలుకి తెలుపు, నీలం ముక్కల అంచు. తర్వాత రెండో చార్లెస్ కొడుకు రిచ్‌మండ్ డ్యూక్‌కి కూడా కాంపొనీయే ఇచ్చారు, తెలుపు ముక్కల మీద ఎర్ర గులాబీలతో.

రాతిముద్ర:
రిచ్‌మండ్ విషయం ఒప్పుకుంటాను. కానీ బ్యూఫోర్ట్‌ల తేదీలు చూడండి. తల్లిదండ్రుల పెళ్లి 1396లో. 1397లో పార్లమెంటు సాక్షిగా పిల్లల్ని సక్రమ సంతానంగా గుర్తించారు. అంతకుముందు జాన్ బ్యూఫోర్ట్ డాలు వేరు: నిలువునా సగం తెలుపు, సగం నీలం, ఏటవాలు పట్టీలో మాత్రమే ఇంగ్లండ్ సింహాలు. గుర్తింపు వచ్చాకే పూర్తి రాజచిహ్నం, దాని చుట్టూ ఈ అంచు. వంశంలోకి తీసుకున్నాక వేసిన అంచు మచ్చ ఎలా అవుతుంది?

పాతకోట:
మరి 1407లో నాలుగో హెన్రీ ఆ గుర్తింపులో "సింహాసనం తప్ప" అని చేర్పించాడు కదా? వాళ్లని పూర్తిగా సమానంగా చూడలేదు. అంచునీ అలాగే చదవాలి.

రాతిముద్ర:
అదే హెన్రీ సొంత కొడుకు, గ్లోస్టర్ డ్యూక్ హంఫ్రీ డాలుకీ తెల్ల అంచు ఉంది. అతని పుట్టుక మీద ఎవరికీ అనుమానం లేదు. చిన్న కొడుకు కాబట్టి తేడా తెలియాలి, అంతే. ముక్కల అంచే కావాలంటే ఫ్రాన్స్ వెళ్లండి. రెండో జాన్ రాజు చిన్న కొడుకు ఫిలిప్, 1363లో బర్గండీ డ్యూక్ అయినవాడు, ఫ్రాన్స్ రాజచిహ్నమైన లిల్లీ పూల చుట్టూ తెలుపు, ఎరుపు కాంపొనీ పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకున్న భార్య కన్న బిడ్డ! ఇతన్నీ ఆ లెక్కలోనే వేస్తారా?

నీలికలువ:
ఫిలిప్ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. కానీ స్కాట్లండ్‌ని వదలను. అక్కడ చిన్న కొడుకులకి మామూలు అంచులు, పెళ్లి బయట పుట్టినవాళ్లకి కాంపొనీ.

రాతిముద్ర:
స్కాట్లండ్ విషయంలో మీ మాటే ఒప్పుకుంటానండి. ఇంగ్లండ్‌లోనే 18వ శతాబ్దం చివర్నుంచి ఆ పనికి అలల అంచు వాడుతున్నారు. నా గొడవల్లా ఒక్కటే: ఎడిన్‌బరో పద్ధతి పట్టుకుని బర్గండీవాళ్ల పుట్టుకని తేల్చకండి.