పక్కింటి కుక్క మన దొడ్లో కోళ్ల మీద పడితే తప్పు ఎవరిది?

పెరటికోళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పక్కింటివాళ్ల కుక్క మళ్లీ మా దొడ్లోకి దూరింది, అదీ పట్టపగలు. ఒక్క కోడినీ తినలేదు. పట్టుకోవడం, విదిలించడం, వదిలేసి ఇంకోదాని వెంట పడటం, అంతే. గేటు దగ్గర్నుంచి గూడు దాకా పెట్టలు మెడలు వేలాడేసి పడున్నాయి. దొరకనివి భయంతో గూడు మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి. ఆ కుక్క యజమాని ఇంటికి వెళ్లి చెబితే, "కుక్కన్నాక కోడి వెంట పడదా? మీ కోళ్లని మీరే జాగ్రత్త చేసుకోవాలి" అన్నారు. ఇదేం న్యాయమండీ? నా దొడ్లో నా కోళ్లు తిరగడం తప్పా? మా ఇంట్లో ఒకరు ఆ కుక్కకి విషం మందు పెట్టేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

కుక్కల నేస్తం

చదువుతుంటేనే బాధేసింది. అయినా ఆ కుక్కది క్రూరత్వం అనుకోకండి. వేటకి ఒక వరస ఉంటుంది: చూడటం, పొంచి కదలడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం. పెంపుడు కుక్కల్లో ఈ వరస మధ్యలోనే తెగిపోయి ఉంటుంది. చాలావాటికి తరిమి పట్టడంలోనే ఆనందమంతా ఉంది, తినేదాకా పోవు. అందుకే కడుపు నిండిన కుక్క కూడా కోళ్లను చంపుతుంది. ఒక కోడి కదలడం మానేస్తే, రెక్కలు కొట్టుకుంటున్న ఇంకోదాని మీదికి చూపు పోతుంది. దాన్ని కొట్టినా, తిట్టినా ఈ స్వభావం పోదు. కాబట్టి కోళ్లు పెంచేవాళ్లే ముందు కంచె చూసుకోవాలని నా అభిప్రాయం. రేపు నక్కో, ముంగిసో వస్తే ఎవరిని అడుగుతారు?

పొదుగుపెట్ట

నేస్తం గారూ, కుక్క స్వభావం గురించి మీరు చెప్పిందంతా నిజం. దాన్నుంచి మీరు తేల్చిన మాటతోనే నాకు పేచీ. నక్కకి యజమాని లేడు, ఈ కుక్కకి ఉన్నాడు. తరమడమే దానికి బహుమానమైతే, ఒకసారి ఆ రుచి మరిగిన కుక్క మళ్లీ వస్తుందని ఆ యజమానికి తెలిసి తీరాలి. మొదటిసారి పొరపాటు అనుకుందాం. తెలిశాక కూడా గేటు తీసి వదిలేస్తే అది కుక్క స్వభావం కాదు, మనిషి నిర్లక్ష్యం. స్వభావం మారదు కాబట్టే గొలుసు, కంచె, వెంట మనిషి ఉండాలి. ఇవన్నీ కుక్కని తెచ్చుకున్నవాళ్లు చూసుకోవాల్సినవి.

పెరటికోళ్లు గారూ, మందు మాట మాత్రం ఇంట్లో ఇంకెప్పుడూ రానివ్వకండి. పెట్టింది ఎవరు తింటారో మీ చేతిలో ఉండదు. పిల్లి తినొచ్చు, కాకి ముక్కున కరుచుకుపోయి ఇంకో ఇంట్లో పడేయొచ్చు, పాకే పసిబిడ్డ నోట్లో పెట్టుకోవచ్చు. పైగా ఇవాళ న్యాయం మీ వైపు ఉంది, మందు పెట్టిన రోజున అది ఆయన వైపు పోతుంది.

ఇక కంచె. తప్పు ఆయనదే, అయినా మిగిలిన పెట్టల ప్రాణం కోసం కట్టండి. మీది ఆరు పలకల గళ్లున్న సన్న తీగ జాలి అయితే అది కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని బయట ఆపదు. పళ్లతో లాగితే చిరిగిపోతుంది. గూటికి అర అంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ (తీగలు కలిసేచోట అతికించిన గట్టి ఇనుప జాలి) వేయండి. చుట్టూ కంచె 5, 6 అడుగుల ఎత్తు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం అడుగుభాగం. కంచె మొదట్లోంచి బయటివైపుకి ఒకటిన్నర, రెండు అడుగుల వెడల్పున అదే మెష్‌ని నేల మీద పరిచి, మేకులతో బిగించి, పైన మట్టి కప్పండి. కుక్క మామూలుగా కంచెని ఆనుకునే తవ్వుతుంది. గోళ్లకి జాలి తగిలితే కాస్త పక్కన తవ్వి చూస్తుందేమో గానీ, రెండు అడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి సాధారణంగా తట్టదు. గేటు కింద సందు కూడా చూసుకోండి, చాలాచోట్ల దారి అదే.

తోటమాలి

మా వైపు పెద్దవాళ్లు చచ్చిన కోడిని కుక్క మెడకి కట్టి కొన్నాళ్లు ఉంచితే మానేస్తుందనేవారు. పనిచేస్తుందా?

పశువైద్యం

పనిచేయదు. కుక్క కుళ్లు వాసన మధ్య అవస్థ పడుతుంది, కోడి కనబడితే మళ్లీ తరుముతుంది. దయచేసి ఎవరూ అలా చేయొద్దు.

బతికిన కోళ్ల గురించి ఎవరూ అడగలేదు, అందుకే చెబుతున్నా. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని ఈకలు విడదీసి చూడండి, ముఖ్యంగా వీపు, తోక మొదలు, రెక్కల కింద. కుక్క కోర పైన చిన్న రంధ్రమే చేస్తుంది, లోపల కండ చీలిపోయి ఉంటుంది. పైకి బాగానే తిరిగిన పెట్ట కూడా రెండు మూడు రోజులకి చీము పట్టి చచ్చిపోవచ్చు. గాయాన్ని ఉప్పునీళ్లతో కడిగి, ఈగలు వాలకుండా విడిగా, నీడలో ఉంచి డాక్టరుకి చూపించండి. మిగతావి కొన్నాళ్లు గుడ్లు పెట్టకపోవచ్చు, అది భయం వల్ల. కంగారుపడొద్దు.

పెరటికోళ్లు

అందరికీ కృతజ్ఞతలు. ఒకదాని రెక్క కింద నిజంగానే గాయం కనిపించింది, విడిగా పెట్టాను. కంచె ఖర్చు ఆయన్నే అడగాలనుకుంటున్నాను. సబబేనా?

కుక్కల నేస్తం

పూర్తిగా ఆయన్నే అడగడం నాకు సబబనిపించదు. ఆ కంచె రేపు నక్కనీ ఆపుతుంది, లాభం మీదే. కుక్కని కట్టేయమని మాత్రం గట్టిగా అడగండి. ఆ విషయంలో పొదుగుపెట్ట గారి మాటే నాదీ.

పొదుగుపెట్ట

కంచె ఖర్చు వరకు నేస్తం గారితో ఏకీభవిస్తాను. పోయిన కోళ్ల నష్టం మాత్రం పూర్తిగా అడగండి. చచ్చినవాటిని తీసేసే ముందే, తేదీ పడేలా ఫొటోలు తీసుంటే దగ్గర పెట్టుకోండి. చూసినవాళ్లెవరో రాసుకోండి. జరిగింది, మీరు అడిగేది కాగితం మీద పెట్టి, ఒక ప్రతి ఉంచుకుని ఆయనకి ఇవ్వండి. మళ్లీ జరిగితే మీ స్థానిక అధికారుల ముందు నోటిమాటకన్నా ఆ కాగితమే నిలుస్తుంది.

లెక్క కట్టేటప్పుడు ఆయన కోడిపిల్ల ధర ఇస్తానంటే ఒప్పుకోకండి. పిల్ల గుడ్డు పెట్టే పెట్ట కావాలంటే దాదాపు 5 నెలలు మేపాలి. గుడ్లు పెడుతున్న పెట్ట ఇప్పుడు ఎంతకి దొరుకుతుందో ఆ ధరే అడగండి.