మాయాబజార్ మొదటిసారి చూసే పిల్లకు ఏది పెట్టాలి: నలుపు తెలుపుదా, రంగులదా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినది)
ఏ సినిమానైనా మళ్ళీ మొదటిసారి చూసే వరం ఇస్తే నేను మాయాబజార్ అడుగుతాను. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు ఉన్నట్టుండి మగనడక నడిచినప్పుడు, సావిత్రి ఒంట్లోకి నిజంగానే ఎస్.వి. రంగారావు దూరాడని నమ్మిన వయసు నాది. ఇప్పుడు చూస్తే "ఎంత బాగా చేసింది!" అనుకుంటాను. చేస్తోందన్న సంగతే అప్పుడు తెలియదు. ఆ చూపు నాకిక రాదు కాబట్టి, అది ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవాలని ఆశ. మా అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్ళు, ఇంతవరకు చూడలేదు, సంక్రాంతి సెలవులకు వస్తోంది. 1957 నాటి నలుపు తెలుపుది పెట్టనా, 2010లో రంగులద్ది విడుదల చేసినది పెట్టనా? ఇంట్లో ఇప్పటికే రెండు వర్గాలయ్యాయి.

క్యాబిన్‌కిటికీ
ఇందులో అడగడానికేముందమ్మా? నలుపు తెలుపుదే. ఆ పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెల కాయించాడు. నిజమైనది కాదు, కాయించిన వెన్నెల అది. నీటి మీద మెరుపు, ముఖాల మీద నీడ, ఆ రెంటి మధ్య ఉన్న బూడిద రంగు మెట్లు, అవే ఆ పాట. దాని మీద నీలం పూస్తే మిగిలేది క్యాలెండర్ బొమ్మ. ఆ రోజుల్లో చీరైనా, కిరీటమైనా, గోడకు వేసే రంగైనా తెర మీద ఏ ఛాయలో కనబడుతుందో చూసుకుని ఎంచుకునేవారు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని శశిరేఖ చీర ఏ రంగని ఊహిస్తారు? పైగా చతురస్రానికి దగ్గరగా ఉన్న పాత బొమ్మను వెడల్పాటి స్కోపు తెరకు సరిపెట్టారు. అలా సరిపెట్టాలంటే పైనో కిందో కోత పడక తప్పదు. మొదటిసారి చూసే పిల్లకు ముక్కలు చెక్కలు చేసిన బొమ్మ చూపిస్తారా?

రెండోఆట
వెన్నెల, ఛాయలు, మెట్లు. తొమ్మిదేళ్ళ పిల్ల ఇవి చూస్తుందా, ఘటోత్కచుణ్ణి చూస్తుందా? ఐదో నిమిషంలో లేచి వెళ్ళిపోతే మీ బార్‌ట్లే గారు వచ్చి కూర్చోబెడతారా?

అత్తికాయ
నా బాధ ఒక్కటే. ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి పడే లడ్డూలు పసుపు పచ్చగా ఉండాలి. బూడిద రంగు లడ్డూ ఎవరు తింటారు?

మునిమాపు
అవి లడ్డూలని ఎవరన్నారు? మా నాయనమ్మ సున్నుండలనేది. సున్నుండలైతే రంగు సరిపోయింది.

అత్తికాయ
పెళ్ళివారికి సున్నుండలు వడ్డిస్తారా? మీరు ఎవరి పెళ్ళికి వెళ్ళారండీ?

నేలటికెట్టు
అసలు మొదటిసారి చూడటమనే మాట మాయాబజార్‌కు వర్తిస్తుందా? పెళ్ళి ఎవరితో జరుగుతుందో మొదటి రీలులోనే తెలిసిపోతుంది. ఆ వరం కావలసింది వంశీ 'అన్వేషణ' లాంటివాటికి. 1985లో దానికి వెళ్తే విరామంలో నా వెనక కుర్చీవాడు సోడా తాగుతూ హంతకుడెవరో చెప్పేశాడు. రెండో సగమంతా ఆ ఒక్క ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. 1960లో 'సైకో' వచ్చినప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వవద్దని హిచ్‌కాక్ షరతు పెట్టాడంటే ఊరికేనా?

గోదారిగట్టు
హంతకుడు తెలిస్తే పాడైపోయేది వేరు. తెలిసినా పాడవనిది ఒకటి మొదటిసారికే ఉంటుంది. నేను అడిగేది దాని గురించి. దయచేసి నలుపు తెలుపుల దగ్గరకు రండి.

క్యాబిన్‌కిటికీ
నేను అక్కడే ఉన్నాను. మా నాన్న హాల్లో ఆపరేటరు. ఈ సినిమా నేను మొదటిసారి చూసింది ప్రొజెక్టరు ఉండే క్యాబిన్ కిటికీలోంచి, పెట్టె మీద నిలబడి. ఒక కంటికి తెర, ఇంకో కంటికి కార్బన్ వెలుగు. అసలుదంటే ఏమిటో నాకు మీరు చెప్పనక్కర్లేదు.

రెండోఆట
మంచిదే. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మీ ఊరికి వచ్చిన ప్రింటు పూర్తిగా ఉందా?

క్యాబిన్‌కిటికీ
పాత సినిమా, పది ఊళ్ళు తిరిగిన ప్రింటు. అతుకులు ఉండవా? కౌరవుల వైపు వచ్చిన శర్మ, శాస్త్రి ఆ మాయ గింబళి (కంబళి) మీద, గిల్పం (తల్పం) మీద పడే పాట్లు అందులో సగం లేవు. అవి పెద్దయ్యాక చూశాను. అయితే?

రెండోఆట
అయితే ఏమీ లేదు. కోత పడిందని రంగులదాన్ని తిట్టారు, మీరు పూజించేది అంతకంటే పెద్ద కోత పడినది. మీ మొదటిసారి చిరుగులతో సహా పవిత్రం, ఎదుటివాడిది మాత్రం క్యాలెండర్ బొమ్మ.

అత్తికాయ
ఈ మాటకు ఒక వీరతాడు.

క్యాబిన్‌కిటికీ
వీరతాళ్ళు తరవాత వేసుకోండి. పాత ప్రింటు తిరిగి తిరిగి అరిగింది. రంగులది కావాలని మార్చింది. అరుగుదలకూ మార్పుకూ తేడా తెలియనివాళ్ళతో నేను వాదించను. రంగు లేకపోతే సినిమా చూడలేని కళ్ళకు ఏది పెట్టినా ఒకటే.

రెండోఆట
వాదించనంటూనే ఆ చివరి వాక్యం వదిలారు కనుక నేనూ చెబుతాను. నేను ఇంటరుకు వచ్చేదాకా మా ఇంట్లో నలుపు తెలుపు టీవీయే. పక్కింట్లో రంగులది. ఆదివారం సినిమాకు వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడితే ఆవిడ ముందు నా కాళ్ళ వైపు చూసేది. కడుక్కుని వస్తే గడప ఇవతల చోటు. ఒక ఆదివారం కడుక్కునే వెళ్ళాను, తలుపు వేసి ఉంది. లోపలినుంచి పాట వినబడుతోంది. మీకు నలుపు తెలుపు కళ కావచ్చు. నాకు అది మా నాన్న జీతం.

2010లో మా అమ్మను రంగుల మాయాబజార్‌కు తీసుకువెళ్ళాను. చిన్నప్పుడు ఆవిడ టూరింగ్ టాకీసులో చూసిన సినిమా. నాకు అన్నం పెడుతూ ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ శశిరేఖ చీర చిలకపచ్చే. హాల్లో శశిరేఖ కనబడగానే నన్ను మోచేత్తో పొడిచి, "తప్పు వేశార్రా" అంది. అన్నదే కానీ చివరిదాకా రెప్ప వేయలేదు. ఆవిడ మళ్ళీ మొదటిసారి చూస్తోందని నాకు అర్థమైంది. ఆ సాయంత్రాన్ని క్యాలెండర్ బొమ్మ అంటే నేను ఊరుకోను.

క్యాబిన్‌కిటికీ
మీ అమ్మగారే నా తరఫున చెప్పారు కదండీ! చిలకపచ్చ ఎక్కడినుంచి వచ్చింది? నలుపు తెలుపులోంచే. ఎవరో ముందే రంగు వేసి ఉంటే ఆవిడకు ఆ చీర దొరికేదా?

రెండోఆట
మా అమ్మను మీ వాదనకు సాక్షిగా లాగకండి.

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. లడ్డూ, సున్నుండ వర్గాలు కూడా.

మునిమాపు
క్యాబిన్‌కిటికీ గారూ, పిల్ల మీ ఇంటికి రావడం లేదు. మీకు ఇంత ఆవేశం ఎందుకు? ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉందిగా, ఎవరు తెరిస్తే వాళ్ళకు ప్రియమైనది కనబడుతుంది. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు కనబడ్డాడు. మీకు క్యాబిన్ కనబడుతోంది. పిల్లకు ఏం కనబడాలో కూడా మీరే చెబుతారా?

క్యాబిన్‌కిటికీ
సరే, అడిగారు కాబట్టి. మా అబ్బాయిని చిన్నప్పటినుంచి ఈ సినిమా ముందు ఎన్నిసార్లు కూర్చోబెట్టానో లెక్కలేదు. ప్రతి దృశ్యానికీ ముందే చెప్పేవాణ్ణి, ఇదిగో ఇప్పుడు చూడు, ఈ నీడ చూడు అని. పది నిమిషాలకు నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి వచ్చేవాడు కాదు. 2010లో రంగులది స్నేహితులతో వెళ్ళి చూశాడు. రాత్రి పదకొండుకు ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "నాన్నా, ఎంత బాగుంది! నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

చెప్పలేదేమట.

ఆ రాత్రి నేను భోజనం చేయలేదు.

రెండోఆట
అయితే మీ కోపం రంగుల మీద కాదండీ.

క్యాబిన్‌కిటికీ
రంగుల మీదే.

రెండోఆట
మంచిది. కానీ గోదారిగట్టు గారూ, ఏది పెట్టినా పక్కన కూర్చుని "ఇప్పుడు చూడు" అని మాత్రం అనకండి.

క్యాబిన్‌కిటికీ
అది నేనూ ఒప్పుకుంటాను. అంతవరకే.

గోదారిగట్టు
నాలుగు రోజుల తరవాత వస్తున్నాను, మన్నించండి. నిన్న రాత్రి పెట్టాం. ఏది పెట్టానో చెప్పను, మళ్ళీ మొదలుపెడతారు. "ఏది కావాలే?" అని దాన్నే అడిగితే, "ఏది ముందు దొరికితే అది" అంది. మీ సలహా పాటించి గంటసేపు నోరు మూసుకున్నాను, ప్రాణం పోయినంత పనైంది. మధ్యలో అది ఒక్కటే అడిగింది: "అత్తా, అందరూ పాండవులు పాండవులు అంటున్నారు, వాళ్ళు ఎప్పుడొస్తారు?" నేను ఈ సినిమా ఇరవైసార్లకు తక్కువ చూసి ఉండను. వాళ్ళు చివరిదాకా కనబడరన్న సంగతి నాకు నిన్నటిదాకా తట్టలేదు.

రెండోఆట
నాకూ తట్టలేదు. అభిమన్యుడి తండ్రి లేకుండా అభిమన్యుడి పెళ్ళి!

క్యాబిన్‌కిటికీ
నాకు తెలుసు. ఎవరూ అడగలేదు.

అత్తికాయ
ఇంతకీ అవి లడ్డూలా, సున్నుండలా? పిల్ల ఏమంది?

గోదారిగట్టు
అక్కడిదాకా రాలేదు, నిద్రపోయింది. ఘటోత్కచుడు ఇంకా శశిరేఖ కాలేదు. మిగతాది ఈ సాయంత్రం.