అలర్జీ ఉన్న ఇంటికి ఏ జాతి కుక్క సరిపోతుంది?

ప్రశ్న: నల్లగొండ నుంచి ఒక గృహిణి

మా పెద్దబాబు కుక్కను పెంచుకుందామని చాలాకాలంగా పట్టుబడుతున్నాడు. మా వారికి చిన్నప్పటి నుంచీ తుమ్ములు, కళ్ల దురద ఉన్నాయి. పాపకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ ఎప్పుడూ ఇంట్లో సిద్ధంగా ఉంచుకుంటాము. కుక్క ఉన్న బంధువుల ఇంటికి వెళ్లొచ్చిన రోజున మా వారికి తుమ్ములు ఎక్కువవుతాయి; కానీ ఆ ఇంటిని ఆనుకొనే పత్తి నిల్వ చేసే గోదాము ఉండడం వల్ల, కారణం కుక్కో పత్తి దుమ్మో తేల్చుకోలేకపోతున్నాము. హైదరాబాద్‌లో కుక్కపిల్లలు అమ్మే ఒకాయన, షిట్జు, పూడుల్, మాల్టీస్ జాతులకు వెంట్రుకలు రాలవు కాబట్టి అలర్జీ రానే రాదని, అడ్వాన్సు పంపితే పిల్లను మా కోసం ఆపి ఉంచుతానని అంటున్నారు. మాది రెండు పడక గదుల ఇల్లు, ముందు చిన్న వాకిలి ఉంది. కుక్క వంటింటి గడప తొక్కకూడదన్నది మా అత్తగారి షరతు. ఈ మూడింటిలో ఏది తెచ్చుకుంటే మాకు ఇబ్బంది ఉండదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పశువైద్యుడు, జడ్చర్ల

అమ్మా, దయచేసి అడ్వాన్సు పంపకండి. జాతి సంగతి తర్వాత చూద్దాం.

అలర్జీ కలిగించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలోను, చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులోను, మూత్రంలోను ఉండే కొన్ని ప్రొటీన్లు దానికి కారణం. వాటిలో ముఖ్యమైనదాన్ని కాన్ ఎఫ్ 1 అంటారు. కుక్క ఒళ్లు నాక్కున్నప్పుడు లాలాజలం బొచ్చుకు అంటి, ఎండి, పొడిగా మారి గాలిలో తేలుతుంది. చర్మమూ నాలుకా లేని కుక్క ఉండదు కనుక, ఈ ప్రొటీన్ బొత్తిగా లేని జాతి కూడా ఇంతవరకు లేదు. పూడుల్ వంటి కుక్కల్లో రాలిన వెంట్రుకలు ఒంటి మీది ఉంగరాల బొచ్చులోనే చిక్కుకొని ఉండిపోతాయి. అందువల్ల సోఫా శుభ్రంగా కనిపిస్తుంది, అంతవరకే లాభం.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. ‘అలర్జీ రాని’ జాతులను పెంచే ఇళ్లలోను, మామూలు కుక్కలున్న ఇళ్లలోను దుమ్ము సేకరించి పోల్చిన అమెరికా పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. రెండు రకాల ఇళ్లకూ చెప్పుకోదగిన తేడా కనపడలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో కుక్కల బొచ్చునే పరీక్షించగా, ఆ పేరున్న జాతుల్లోనే కాన్ ఎఫ్ 1 ఎక్కువగా తేలింది.

లాబ్రడూడుల్ సంగతి కూడా వినండి. 1980ల చివర ఆస్ట్రేలియాలో అంధుల కోసం కుక్కలకు శిక్షణ ఇచ్చే సంస్థలో పనిచేసిన వాలీ కాన్రాన్, హవాయిలో ఉన్న చూపు సరిగా లేని ఒక మహిళ కోసం లాబ్రడార్‌ను, పూడుల్‌ను కలిపి పిల్లలు తీయించారు. ఆమె భర్తకు కుక్కలంటే అలర్జీ కావడం వల్ల, పుట్టిన మూడు పిల్లల బొచ్చు, లాలాజలం నమూనాలను అక్కడికి పంపారు. ఆయనకు పడింది వాటిలో ఒక్కటే. ఒకే తల్లి కడుపున, ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, జాతి పేరు చూసి ఎవరైనా హామీ ఎలా ఇవ్వగలరు?

కాబట్టి ముందు మీ వారికీ పాపకూ అలర్జీ నిపుణుడి దగ్గర పరీక్ష చేయించండి. చర్మం మీద చుక్క వేసి సూదితో గీరి చూసే పద్ధతి ఉంది, రక్త పరీక్షా ఉంది. మన వైపు ఇళ్లలో పరుపుల్లోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, రోడ్డు పక్కన పెరిగే వయ్యారిభామ పుప్పొడి తరచుగా తుమ్ములకు కారణమవుతాయి. అసలు దోషి కుక్క కాకపోనూవచ్చు.

జవాబు: మిర్యాలగూడ నుంచి, షిట్జును పెంచుతున్న కుటుంబం

డాక్టర్ గారు చెప్పినది అక్షరాలా నిజం. మా ఇంట్లో మామగారికి కుక్కల అలర్జీ ఉన్నట్టు పరీక్షలో తేలింది, అయినా సర్దుకుపోతున్నాము. అయితే అది జాతి మహిమ కాదు, చాకిరీ మహిమ. షిట్జు బొచ్చును రోజూ దువ్వకపోతే చెవుల వెనుక, చంకల్లో ఉండలు కట్టి కత్తిరించడం తప్ప దారి ఉండదు. ఆ దువ్వడం ఇంట్లో పెట్టుకోకూడదు, అలర్జీ ఉన్నవారు అసలు చేయకూడదు. నేను ముక్కుకు మాస్కు కట్టుకొని డాబా మీద దువ్వుతాను. నల్లటి దువ్వెన పళ్ల సందుల్లో జొన్నపిండిలాంటి తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ పొడే మామగారి ముక్కుకు శత్రువు. దువ్వెనను అక్కడే నీళ్లలో ముంచి కడిగేసి, పైన వేసుకున్న పాత చొక్కా విప్పి నానబెట్టిన తర్వాతే కిందికి దిగుతాను.

మామగారి పడక గదిలోకి కుక్కకు ఏనాడూ ప్రవేశం లేదు. ఆ అర్రలో తివాచీ, దళసరి పరదాలు తీసేశాము, పొడి చీపురుతో ఊడ్చడం మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాము. స్నానం వారానికి రెండుసార్లు పోస్తేనే ప్రయోజనం తెలుస్తుంది, ఎందుకంటే కడిగిన ప్రొటీన్ కొద్ది రోజుల్లోనే మళ్లీ బొచ్చు మీద చేరుతుంది. ఇంకొక్క మాట: ముక్కు చప్పిడిగా ఉండే ఈ జాతి మన ఎండలను తట్టుకోలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూలర్ దగ్గరి నుంచి కదలదు, ఆ కాలంలో బయటికి తీసుకెళ్లడం తెల్లవారుజామునే. అంటే ఇల్లంతా మూసుకొని కుక్కతో పాటు అదే గాలి పీల్చే రోజులు చాలానే ఉంటాయి. అమ్మేవారు ఈ సంగతి చెప్పరు.

జవాబు: వనపర్తి నుంచి ఒక ఉపాధ్యాయుడు

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక విషయం అడగదలిచాను. ఏ జాతికీ హామీ లేనప్పుడు వేలకు వేలు పోసి మంచుదేశపు బొచ్చు కుక్కనో, చప్పిడి ముక్కు కుక్కనో ఎందుకు తేవాలి? మన ఊరకుక్కకూ అలర్జీ ప్రొటీన్లు ఉంటాయి, అందులో సందేహం లేదు. కానీ దాని బొచ్చు పొట్టిది, తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఈ ఎండకు పుట్టిన ఒళ్లు. అన్నిటికీ మించి, పెరిగిన కుక్కను దత్తత తీసుకుంటే ముందుగానే మీ వారు దాని పక్కన పలుమార్లు కూర్చొని, నిమిరి, ఒంటికి పడుతుందో లేదో చూసుకోవచ్చు. నెలల పిల్లను కొనేవారికి ఆ అవకాశం సరిగా దొరకదు.

అత్తగారి షరతు మీకు శత్రువు కాదు, మిత్రుడే. అలర్జీ నిపుణులు చెప్పే హద్దునే ఆవిడ ఆచారంగా చెబుతున్నారు. అయితే కుక్కను పూర్తిగా వాకిట్లోనే కట్టేయడం నాకు సమ్మతం కాదు. 45 డిగ్రీల ఎండలో రేకుల నీడ నీడే కాదు. ముందు గదిలో ఒక మూల దానికి కేటాయించి, పడక గదుల తలుపులు మూసి ఉంచడం మేలు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అడ్వాన్సు పంపడం లేదు. పెరిగిన కుక్కను ఒక నెల ఇంట్లో ఉంచుకొని, పాపకు పడకపోతే తిరిగి ఇచ్చేయవచ్చా? ఆడ, మగ తేడా ఏమైనా ఉంటుందా?

జవాబు: పశువైద్యుడు, జడ్చర్ల

పిల్లికూతలు వచ్చే పాప మీద ఆ ప్రయోగం వద్దు. కుక్కను పంపించినా దాని పొట్టు పరుపుల్లో, దిండ్లలో నెలల తరబడి ఉండిపోతుంది. కాబట్టి తిరిగి ఇచ్చేసిన మర్నాటి నుంచే బాధ తగ్గుతుందనుకోకూడదు. పెద్దబాబు ఆ నెలలో దానికి మాలిమి కావడం వేరే సమస్య.

ఆడ, మగ తేడా మాత్రం నిజంగానే ఉంది. కాన్ ఎఫ్ 5 అనే ప్రొటీన్ మగకుక్క ప్రోస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. కొందరికి అలర్జీ దీనికి మాత్రమే ఉంటుంది. అటువంటివారికి ఆడకుక్క గాని, వృషణాలు తీయించిన మగకుక్క గాని పడే అవకాశం ఉంది. ప్రొటీన్లను విడివిడిగా చూసే రక్త పరీక్షలో ఇది తెలుస్తుంది, కనుక పెద్ద ల్యాబ్‌లో అడిగి చూడండి. చర్మ పరీక్షకే వెళ్లేటట్లయితే, మీ వారు తుమ్ములకు వాడే మాత్రలను ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆ డాక్టర్‌నే అడగండి. ఆపకుండా వెళ్తే ఉన్న అలర్జీ కూడా లేనట్టు కనిపించవచ్చు. పాప ఇన్‌హేలర్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

పాపకు కుక్క అలర్జీ గట్టిగా ఉందని తేలితే, ఏ జాతినీ తేవద్దనే చెబుతాను. మీ వారికి మాత్రమే, అదీ స్వల్పంగా ఉంటే, పొట్టి బొచ్చున్న పెరిగిన ఆడకుక్కను చూడండి. తెచ్చే ముందే రేబిస్ టీకా వేయించారా లేదా కార్డు చూసి తెలుసుకోండి, లేకపోతే ఇంటికి తీసుకెళ్లే దారిలోనే మండల పశువైద్యశాలలో వేయించండి.