అప్‌డేట్: మూలవాసీ విద్యార్థుల కోసం సోషల్ వర్క్ ఆన్‌లైన్ కోర్సు

మా కోర్సును మూలవాసుల దృష్టితో ఎలా మార్చాలని ఇంతకుముందు అడిగాను. సిలబస్ పక్కనపెట్టి ముందు మూలవాసీ పెద్దలతో కూర్చోమని మీరు అన్నారు. కూర్చున్నాం.

కుటుంబ పటం గీసే అసైన్‌మెంట్ చూసి ఒక పెద్దావిడ, “నన్ను పెంచిన పిన్నికి ఇందులో చోటేది?” అని అడిగారు. మా పటంలో తల్లి, తండ్రి, పిల్లల గీతలే ఉన్నాయి. పిల్లల సంరక్షణ కేసుల్లో ఇలాంటి గీతలు చూసే “ఇంట్లో ఎవరూ లేరు” అని రాసేస్తారు కదా, చాలా బాధేసింది. ఇప్పుడు “ఎవరు పెంచారు” నుంచే పటం మొదలవుతుంది.

కోర్సులో వాడే పెద్దల కథల రికార్డింగులపై హక్కు వాళ్లదే. మూలవాసుల హక్కులపై 2007 ఐక్యరాజ్యసమితి ప్రకటన 31వ అధికరణం చెప్పేదీ అదే: తమ సంస్కృతి, మౌఖిక సంప్రదాయాలపై అదుపు మూలవాసులదే. నెట్ సరిగా లేనివాళ్లకు ఆడియో డౌన్‌లోడ్ పెట్టాం. మార్కులు ఎలా వేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.